విజయవాడ ఎండల్లో ఏడేళ్లు అక్రిలిక్ రంగులు వాడాక

ఆయిల్ రంగుల వాసన పడక ఏడేళ్ల కిందట అక్రిలిక్‌కి మారాను. టర్పెంటైన్ అక్కర్లేదు, నీళ్లు చాలు, అరగంటలో ఆరిపోతుంది అన్నారు. మూడూ నిజమే. కాకపోతే నన్ను బాగా ఏడిపించింది ఆ మూడోదే.

మే నెలలో మా ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుంటే, పాలెట్ మీద పిండిన రంగుకి పావుగంటలోనే పాల మీద మీగడలా పొర కట్టేది. అక్రిలిక్‌లో రంగు పొడిని పట్టి ఉంచేది నీళ్లలో కలిసి ఉన్న అతి సన్నని ప్లాస్టిక్ రేణువులు, దీన్నే బైండర్ అంటారు. నీరు ఆవిరైతే అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా కరగవు. వాటర్ కలర్ బిళ్లలా తడిపి మళ్లీ వాడుకుందామంటే కుదరదు.

చివరికి ఒక పాత ప్లాస్టిక్ డబ్బా నన్ను గట్టెక్కించింది. అడుగున తడిపిన నూలు గుడ్డ మడత, దానిపై కేకులకి వాడే బటర్ పేపర్, ఆ కాగితం మీద రంగులు. పని అయ్యాక మూత పెడితే మూణ్ణాలుగు రోజులు మెత్తగానే ఉంటాయి. వారం దాటనిస్తే మాత్రం గుడ్డ ముక్కిపోతుంది. ఆలస్యంగా ఆరడానికి అమ్మే రిటార్డర్ కూడా వాడాను. కొంచెం ఎక్కువైతే చాలు, బొమ్మ జిగట వదలదు. నాకు డబ్బాయే మేలు.

రెండో ఇబ్బంది తెలియడానికి ఒక బొమ్మ పాడైంది. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రపు ఆకాశం వేస్తూ సగంలో ఆపాను. మర్నాడు అదే నారింజ రంగు కళ్లతో సరిచూసుకుని కలిపి మిగతా సగం నింపాను. ఆరాక చూస్తే ఆకాశం మధ్యలో గీత గీసినట్టు రెండు రంగులు! తడిగా ఉన్నప్పుడు లోపలి బైండర్ పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే ఆ తెలుపు పోతుంది. అందుకే అక్రిలిక్ ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. ఇప్పుడు కలిపిన ప్రతి రంగునీ ముందు ఒక కాగితం ముక్క మీద రాసి, ఆరనిచ్చి, కాన్వాస్ పక్కన పెట్టి చూస్తాను. రెండు నిమిషాల పని.

రంగుల నాణ్యత సంగతికొస్తే, మొదట కొన్న 12 ట్యూబుల స్టూడెంట్ సెట్‌లో పసుపు మూడు పూతలు వేసినా కింది గీతలు కనిపించేవి. అన్నీ ఆర్టిస్ట్ గ్రేడ్‌వే కొనమని చెప్పను. తెలుపు, పసుపు, ఎరుపు మంచివి కొనండి. థాలో బ్లూ సహజంగానే ఘాటైన రంగు, స్టూడెంట్ గ్రేడ్‌లో కూడా పని నడుస్తుంది. ట్యూబ్ వెనక పిగ్మెంట్ కోడ్ (లోపల ఏ రంగు పొడి ఉందో చెప్పే గుర్తు) చూడటం అలవాటు చేసుకోండి. పీబీ 29 అంటే అల్ట్రామెరీన్ నీలం, పీడబ్ల్యూ 6 అంటే టైటానియం వైట్. ట్యూబ్ మీద ఒక్క కోడ్ మాత్రమే ఉన్న రంగులు కలిపినప్పుడు అంత తేలిగ్గా బురదగా మారవు. నలుపు ట్యూబ్ కొనడం మానేశాను. అల్ట్రామెరీన్‌లో బర్న్‌ట్ సియెనా అనే ఎర్రటి గోధుమ రంగు కలిపితే వచ్చే ముదురు రంగు నీడలకి ఎంతో అందంగా ఉంటుంది.

ఇన్ని చెప్పాక కూడా అక్రిలిక్‌ని వదలకపోవడానికి కారణం గ్లేజింగ్, అంటే ఆరిన రంగు మీద కింది రంగు కనిపించేలా పలచటి పొరలు వేయడం. ఆరిన పొర కరగదు కాబట్టి, గ్లోస్ మీడియంలో (రంగు లేని, మెరిసే అక్రిలిక్ ద్రవం) చిటికెడు నీలం కలిపి బొమ్మలోని కృష్ణ నీళ్ల మీద పలచగా పూస్తే కింది రంగు చెక్కుచెదరకుండా లోతు వస్తుంది. పది నిమిషాలాగి ఇంకో పొర. ఆయిల్‌లో అయితే రోజులు ఆగాలి. పలచన చేయడానికి నీళ్లే గుమ్మరించకండి, బైండర్ పలచబడి రంగు పట్టు తగ్గుతుంది.

బజారు కాన్వాస్‌కి గెస్సో (రంగు పట్టడానికి వేసే తెల్లటి అడుగు పూత) పూసే ఉంటుంది కానీ, నేను ఇంకో రెండు పూతలు వేసి మధ్యలో గరుకు కాగితంతో రుద్దుతాను. కుంచెలు సింథటిక్‌వి చాలు. కుంచె మొదట్లో, రేకు దగ్గర రంగు ఆరిపోతే మాత్రం ఇక సబ్బు కూడా వదిలించలేదు.

ఒక వేసవిలో రెండు కాన్వాసులు ముఖాముఖి ఆనించి బీరువాలో పెట్టాను. తీసేసరికి అతుక్కుపోయి, లాగితే ఆకాశంలో అరచేయంత ముక్క ఊడి రెండోదానికి అంటుకుంది. వేడికి అక్రిలిక్ పొర మెత్తబడుతుంది. అప్పటినుంచి బొమ్మలన్నీ నిలువుగా, ఒకదానికొకటి తగలకుండా పెడుతున్నాను.