కప్పల సర్వేకి ఆడియోమాత్ రికార్డర్: కొనొచ్చు, కానీ దానికి వినపడనివి కూడా ఉన్నాయి

ఇళ్లూ రోడ్లూ లేఅవుట్లూ మీదకొచ్చేస్తున్న చోట ఏ గుంటలో ఏ కప్పలున్నాయో పనులు మొదలవకముందే తేల్చాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. ఆడియోమాత్ అంటే మనిషి లేకపోయినా చుట్టూ వినిపించే శబ్దాల్ని తనే రికార్డ్ చేసే చిన్న యంత్రం. గబ్బిలాలకీ పక్షులకీ కూడా దీన్ని బాగా వాడతారు, కానీ నేను వాడేది కప్పలకే కాబట్టి ఆ సంగతే చెప్తా.

వస్తువు చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. క్రెడిట్ కార్డంత సర్క్యూట్ బోర్డు, మూడు ఏఏ బ్యాటరీలు, మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టే సందు, ఒక బుల్లి స్విచ్, అంతే. డిజైన్ మొత్తం ఓపెన్ సోర్స్. యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి వాళ్ల ఫ్రీ యాప్‌లో ఎప్పట్నుంచి ఎప్పటిదాకా రికార్డ్ చేయాలి, ఎంతసేపు రికార్డ్ చేసి ఎంతసేపు ఆగాలి అన్నది పెట్టేసి, స్విచ్ కస్టమ్ మీదకి జరిపి గుంట పక్కన చెట్టుకి కట్టేసి వచ్చేయడమే, మిగతాది అదే చూసుకుంటుంది.

సెట్టింగ్స్‌లో చాలామంది తడబడేది శాంపుల్ రేట్ దగ్గర, అంటే సెకనుకి ఎన్నిసార్లు శబ్దాన్ని కొలవాలన్న దగ్గర. ఇది 384 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తుంది కదా అని పైకి పెట్టేస్తారు, అది గబ్బిలాలకి. చాలా కప్పల అరుపు 5 కిలోహెర్ట్జ్ లోపే ఉంటుంది కాబట్టి 16 పెట్టినా అందులో సగం, అంటే 8 దాకా శుభ్రంగా పట్టేస్తుంది, గంటకి దాదాపు 115 ఎంబీతో సరిపోతుంది, అదే 48 పెడితే 345 ఎంబీ అవుతుంది, బ్యాటరీ కూడా తొందరగా తింటుంది. గెయిన్ (శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలన్నది) మీడియంలోనే ఉంచండి, వాన పడ్డాక కప్పలన్నీ ఒక్కసారి అందుకుంటే ఆ హోరుకి హై గెయిన్‌లో సౌండ్ పగిలిపోయి ఏ జాతి ఏదో విడదీయలేం. ఇంకోటి, ఫైల్ పేర్లలో వచ్చే టైమ్ మామూలుగా యూటీసీలో, అంటే మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక ఉంటుంది, అది మర్చిపోయి చూస్తే రాత్రి అరిచిన కప్ప మధ్యాహ్నం అరిచినట్టు కనిపిస్తుంది, రిపోర్టులో అలాగే ఎక్కితే అవతలివాళ్లు ఆ ఒక్క తప్పు పట్టుకుని మొత్తం డేటానే పక్కన పడేయొచ్చు. వాటర్‌ప్రూఫ్ కేస్ విడిగా కొనుక్కోవాలి, వానలో పనిచేయాల్సిన సర్వేకి అది లేకుండా కుదరదు కాబట్టి నా మార్కులు తగ్గింది అక్కడే.

ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, నిర్మాణాల ముందు చేసే సర్వేల్లో నాకు ఒళ్లుమండే పని ఒకటుంది. ఎండాకాలంలో పట్టపగలు ఒకసారి వచ్చి, నీళ్లు లేని గుంట ఫొటో తీసుకుని, ఉభయచరాలు కనపడలేదు అని రాసేసి వెళ్లిపోవడం. కొన్ని జాతులు ఏడాది మొత్తమ్మీద గట్టి వాన పడ్డాక కొద్ది రాత్రులే బయటికొచ్చి, అరిచి, గుడ్లు పెట్టి మళ్లీ మట్టిలోకి పోతాయి, ఆ రాత్రుల్లో అక్కడ మనిషి లేకపోతే లెక్కలోకే రావు. ఈ రికార్డర్ సీజన్ అంతా అక్కడే కూర్చుంటుంది, ఏ వాన పడినా అది అక్కడే ఉంటుంది. ఫైల్‌ని ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి శబ్దాన్ని బొమ్మగా చూపించే స్పెక్ట్రోగ్రామ్ చూస్తే ఒక్కో జాతి అరుపు ఒక్కో ఆకారంలో గీతలు కట్టి కనిపిస్తుంది, కింద మందంగా బోదురుకప్ప బరువు గొంతు, దానిపైన టిక్ టిక్ మని చుక్కల్లా చిన్న కప్పలు. ఆ బొమ్మ, ఆ తేదీ, ఆ ఆడియో మూడూ కలిపి ప్లానింగ్ వాళ్ల ముందు పెడితే లేవు అని కొట్టిపారేయడం కష్టం.

అయితే రికార్డర్‌లో ఏమీ పడలేదు కాబట్టి అక్కడ ఏమీ లేవు అని మాత్రం దయచేసి రాయకండి. అరిచేవి ఎక్కువగా మగకప్పలే. బల్లుల్లా తోకలుండే ఉభయచరాలు సలమాండర్లు, న్యూట్లు అలా పిలుచుకోవు, కాళ్లు లేకుండా మట్టిలో ఉండే సిసిలియన్లూ అంతే. వాటికి వల, టార్చ్ లైటు, లేదంటే నీటి శాంపుల్‌లో డీఎన్‌ఏ వెతికే ఈడీఎన్‌ఏ పద్ధతి కావాలి. ఇంగ్లండ్‌లో గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ సర్వేలకి ఈడీఎన్‌ఏని 2014 నుంచే ఒప్పుకుంటున్నారు.

దీనికంటే పెద్ద లోటు ఇంకోటుంది, అది మెషీన్ తప్పు కాదు. అది వినేది నీళ్ల దగ్గర జరిగే పెళ్లి సందడి ఒక్కటే, మిగతా ఏడాదంతా ఆ కప్ప ఉండే ఇల్లు ఎక్కడుందో దానికి తెలీదు. 2003లో సెమ్లిచ్, బోడీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఉభయచరాలకి నీటి అంచు నుంచి 159 మొదలు 290 మీటర్ల దాకా నేల కావాలని తేలింది. అది రక్షణకి అదనంగా వదిలే బఫర్ కూడా కాదు, అవి తిని తిరిగి దాక్కునే అసలు చోటు. మరి ప్లానుల్లో ఏం చేస్తారు, గుంట చుట్టూ సన్నటి పచ్చ గీత గీసి వాకింగ్ ట్రాక్ వేసి కాపాడేశాం అంటారు. గుంట మిగులుతుంది, కప్పలు మిగలవు.

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో సీజన్‌లో నిండి తర్వాత ఎండిపోయే గుంటల కోసం 2002లో వచ్చిన సూచనలు నాకు చాలా నచ్చాయి, ఎందుకంటే అవి కట్టొద్దు అనవు, ఎక్కడ ఎంత కట్టొచ్చో చెప్తాయి. గుంట చుట్టూ 100 అడుగులు అసలు ముట్టుకోవద్దు, అక్కడి నుంచి 750 అడుగుల దాకా ఉన్న నేలలో నాలుగో వంతు కంటే తక్కువే కట్టాలి. రోడ్డు అంచున నిలువు కర్బ్ (అంచు గట్టు) బదులు ఏటవాలుది పెట్టమంటాయి. నిలువు కర్బ్ ఎక్కలేని చిన్న జీవి దాని వెంబడే నడుచుకుంటూ పోయి వాననీటి డ్రైన్ జాలీలో పడిపోతుంది, పడ్డాక బయటికి రావడం ఉండదు. డ్రాయింగ్‌లో ఒక గీత వాలుగా గీస్తే పోయే సమస్య అది, కాంక్రీటు పోశాక మాత్రం ఎవరూ పగలగొట్టరు. రోడ్డు తప్పదు అన్నచోట టన్నెళ్లున్నాయి, మసాచుసెట్స్‌లోని ఆమ్హర్స్ట్‌లో 1987లోనే సలమాండర్ల కోసం రోడ్డు కింద వేశారు.

ఎండిపోయే గుంట కదా దానికేముంది అనేవాళ్లకి ఒక్క మాట. ఎండిపోతుంది కాబట్టే అందులో చేపలుండవు, చేపలు లేవు కాబట్టే గుడ్లూ తోకకప్పలూ బతుకుతాయి. దాన్ని తవ్వి ఏడాదంతా నీళ్లుండే అందమైన చెరువు చేసి చేపలు వదిలితే ఆ జాతులకి అక్కడ పని అయిపోయినట్టే. 2023లో వచ్చిన రెండో ప్రపంచ అంచనాలో 8,011 ఉభయచర జాతుల్ని చూస్తే 40.7 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయి, ఆ ముప్పులో ఉన్నవాటిలో 93 శాతానికి ఆవాసం పోవడమో పాడవడమో కారణాల్లో ఒకటి. ఇలాంటి చిన్న గుంటలు ఏ మ్యాపులోనూ ఉండవు, ఉండవు కాబట్టి అడిగేవాళ్లూ ఉండరు.

రేటింగ్ అంటే ఐదుకి నాలుగు. కొనేవాళ్లు ఒక్కటి కాకుండా వీలైతే రెండు మూడు కొనండి, చుట్టుపక్కల గుంటలన్నిటిలో ఒకే రాత్రి పెడితే ఏది ఏ జాతికి ముఖ్యమో పోల్చి చూడొచ్చు, వాటి మధ్య ఏ దారి తెరిచి ఉంచాలో అప్పుడే అడగగలం. రికార్డింగులు డిలీట్ చేయకండి, రిపోర్టులో ఎవరైనా ప్రశ్నిస్తే చూపించడానికి అసలు ఫైళ్లే కావాలి. అన్నిటికంటే ముందు, లేఅవుట్ డ్రాయింగ్ మొదలయ్యే ముందటి వానాకాలంలోనే పెట్టండి, ప్లాట్లు అమ్ముడుపోయాక పెడితే ఎంత మంచి రికార్డింగ్ వచ్చినా ఆ గీతలు జరిపేవాళ్లు ఉండరు.