మూడేళ్ళు తిరిగిన పిల్లల మనస్తత్వ చికిత్సా కేంద్రం: ఒక తల్లి సమీక్ష

మా అబ్బాయి మూడో తరగతిలో ఉండగా 'పాము'ను 'వాము' అని చదివేవాడు. రాసేటప్పుడు ఒత్తులన్నీ ఎగిరిపోయి 'అమ్మ' కాస్తా 'అమ' అయ్యేది. అదే లెక్క నోటితో అడిగితే నాకంటే ముందే జవాబు చెప్పేవాడు. బడిలో అశ్రద్ధ అన్నారు, అత్తగారు దిష్టి తీశారు, మా వారు బెత్తం తీశారు. చివరికి 2022 జూన్‌లో హైదరాబాదులోని ఒక ప్రైవేటు కేంద్రంలో వాణ్ణి చూపించి, అప్పటినుంచి మూడేళ్ళు అక్కడికే తిరిగాము.

పరీక్షల విషయంలో వారిని తప్పు పట్టడానికి ఏమీ లేదు. మొదటి రోజే పరీక్ష మొదలుపెట్టకుండా, ముందు కళ్ళు, వినికిడి చూపించుకుని రమ్మన్నారు. పాత నోటు పుస్తకాలు తెమ్మన్నారు. నా గర్భిణీ రోజుల దగ్గరనుంచి పిల్లవాడికి మాటలు వచ్చిన వయసు దాకా గంటసేపు అడిగి రాసుకున్నారు. ఆ తరవాత మూడు విడతలుగా, వాడు అలసిపోయినప్పుడల్లా ఆపుతూ, భారతీయ పిల్లలకోసం మార్చిన మాలిన్ ప్రజ్ఞా పరీక్ష, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ రూపొందించిన అభ్యసన వైకల్య పరీక్షలు చేశారు. తెలివితేటలు సగటుకు కాస్త పైనే ఉన్నాయనీ, చదవడం, రాయడం మాత్రం ఒకటో తరగతి స్థాయి దాటలేదనీ తేలింది. దాన్ని డిస్లెక్సియా అన్నారు, అంటే చదవడం, రాయడంలో కనబడే అభ్యసన వైకల్యం. నివేదిక పది పేజీలూ ఇంగ్లీషులోనే ఉండటం నాకు నచ్చలేదు. మా అత్తగారికి అందులో ఏముందో నేనే చెప్పుకోవలసి వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ నివేదిక వైకల్య ధ్రువపత్రం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాన్ని కూడా గుర్తించింది గాని, పత్రం ఇవ్వవలసింది ప్రభుత్వం నిర్దేశించిన వైద్యాధికారులే. బడి పరీక్షల్లో అదనపు సమయానికి ఏ కాగితం కావాలో కేంద్రంవారు ముందే చెప్పి ఉంటే మాకు ఒక విద్యా సంవత్సరం కలిసివచ్చేది.

చికిత్స వారానికి రెండు రోజులు, ఒక్కో విడత 45 నిమిషాలు, రుసుము అప్పట్లో 1,200 రూపాయలు. పళ్ళెంలో బొంబాయి రవ్వ పోసి, 'ప' అని పలుకుతూ వేలితో రాయించేవారు. పైన మూసుకుంటే 'వ', తెరిచి ఉంటే 'ప' అని వాడి చేతికి అలవాటు చేయడానికే నెల పట్టింది. మాటను చప్పట్లతో ముక్కలు చేయించి, ఏ ముక్కకు ఒత్తు ఉందో చెవితో పట్టించేవారు. ఇంటి దగ్గర రోజుకు పదిహేను నిమిషాలు నేనూ చేయించాను; అది మానిన వారాల్లో వాడు వెనక్కి పోవడం నా కళ్ళారా చూశాను.

అన్నిటికంటే నేను విలువ కట్టేది మాత్రం మా ఇద్దరినీ నెలకొకసారి కూర్చోబెట్టి మాట్లాడిన విడతలకే. మొదట్లో మా వారు "జబ్బు వాడిదైతే నాకెందుకు కౌన్సెలింగు" అని రానన్నారు. వచ్చాక, ఒక వారంలో పిల్లవాణ్ణి ఎన్నిసార్లు మెచ్చుకున్నారో చీటీ మీద గీతలు పెట్టుకుని రమ్మన్నారు. ఆయన తెచ్చిన చీటీలో రెండే గీతలు ఉన్నాయి. అందులో ఒకటి వాడు స్కూటరు తుడిచినందుకు. ఆ రోజు దారి పొడవునా ఆయన మాట్లాడలేదు గాని, బెత్తం మళ్ళీ కనబడలేదు.

లోపాలు చిన్నవి కావు. మూడేళ్ళలో ముగ్గురు సైకాలజిస్టులు మారారు. మారిన ప్రతిసారీ మా కథ మొదటినుంచి చెప్పుకున్నాము. రెండోసారి వచ్చినవారికి పాత ఫైలు కూడా అందలేదు. వాడు బాగా మచ్చికైన అమ్మాయి వెళ్ళిపోయినప్పుడు నెలన్నర లోపలికి వెళ్ళనని మొండికేశాడు. ఒకరోజు రిసెప్షన్‌లో అందరూ వింటుండగా "డిస్లెక్సియా బాబు వచ్చాడా" అని కేకవేశారు. గోప్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హక్కుగా చెప్పిందని నేను రాతపూర్వకంగా ఇచ్చాక పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు.

కొత్తగా వెళ్ళేవారు చికిత్స చేసేది క్లినికల్ సైకాలజిస్టు అయితే వారిని నమోదు చేసే భారత పునరావాస మండలి (ఆర్.సి.ఐ.) ఇచ్చిన నమోదు సంఖ్య అడగండి. వారు వెళ్ళిపోతే ఫైలు ఎవరి చేతికి వస్తుందో కూడా అడగండి. మేము రెండోది అడగలేదు. ప్రస్తుతం మా అబ్బాయి ఆరో తరగతిలో ఉన్నాడు, నెలకు రెండు విడతలు సరిపోతున్నాయి. తెలుగు పాఠం నెమ్మదిగానైనా తనంతట తానే చదువుతాడు, ఇంగ్లీషు స్పెల్లింగులకు మాత్రం ఇప్పటికీ రవ్వ పళ్ళెం తీయవలసిందే.