ఖరీదైన టీవీ కొంటున్నారా? షోరూములో చూసిన బొమ్మ ఇంటికి రాదు, జాగ్రత్త

శ్రీకాకుళం, విజయనగరం షోరూముల్లో పండగ ఆఫర్లు చూసి 55 అంగుళాల 4కె టీవీ కొందామనుకునేవాళ్లు ఇది చదివి వెళ్లండి. 70, 80 వేలు పోసి గోడకి తగిలించాక "ఇదేటి, పాత టీవీయే నయం కదా" అనుకునేవాళ్లు పలాసలో ఉన్నారు, బొబ్బిలిలోనూ ఉన్నారు.

షోరూములో టీవీ నడిచేది డెమో మోడ్‌లో. బ్యాక్‌లైట్ (తెర వెనక లైటు) ఫుల్లు, రంగు ఫుల్లు. ఆడేదేమో కంపెనీవాళ్ల సొంత 4కె వీడియో: చిలకలు, పువ్వులు, సముద్రం అడుగున చేపలు. చీకటి సీను ఉండదు, కెమెరా మెల్లగా కదులుతుంది. నాసిరకం ప్యానెల్ (బొమ్మ కనిపించే తెర) కూడా దాంట్లో మెరిసిపోతుంది.

మరి ఇంట్లో? చాలా ఇళ్లలో ఇప్పటికీ కేబుల్ బాక్సుకి పసుపు, ఎరుపు, తెలుపు వైరే. దాంట్లో హెచ్‌డీ రాదు. వచ్చేది 720×576, అంటే 4,14,720 చుక్కలు. 4కె తెరకి కావలసినవి 82,94,400. ప్రతి 20 చుక్కల్లో 19 టీవీయే ఊహించి నింపుకోవాలి, అందుకే మొహాలు మైనం పూసినట్టుంటాయి. హెచ్‌డీఎంఐ వైరు, హెచ్‌డీ ప్యాకు, బాక్సు సెట్టింగులో 1080 అవుట్‌పుట్: వీటిలో ఒక్కటి తగ్గినా లాభం లేదు.

అది సిగ్నల్ సంగతి. డబ్బు గల్లంతయ్యేది ప్యానెల్ దగ్గర. క్యూఎల్ఈడీ అని పెద్దక్షరాలతో రాసినా అది ఎల్‌సీడీయే, వెనక లైటు వెలిగితేనే బొమ్మ. లోకల్ డిమ్మింగ్ (నల్లగా ఉండాల్సిన చోట మాత్రం ఆ లైటు తగ్గించడం) లేకపోతే నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది, మూలల్లో వెలుగు కారుతుంది. ఎల్‌సీడీల్లో ఎక్కువగా దొరికేవి ఐపీఎస్, వీఏ అనే రెండు రకాలు. ఐపీఎస్ ప్యానెల్ కాంట్రాస్ట్ (తెలుపుకీ నలుపుకీ వెలుగులో తేడా) సుమారు 1000:1, వీఏది 3000:1 పైమాటే. ఐపీఎస్‌ని పక్కన కూర్చుని చూసినా రంగు పెద్దగా మారదు గానీ, రాత్రి లైట్లార్పి సినిమా చూసేవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడం మంచిది. ఏ ప్యానెలో చాలా కంపెనీలు కాయితం మీద రాయవు. ఓఎల్ఈడీ ఒక్కటే వేరు, అందులో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది.

హెచ్‌డీఆర్ (వెలుగు, చీకటి తేడా బాగా చూపే వీడియో రకం) స్టిక్కరు చూసి మురిసిపోకండి. ఆ సిగ్నల్ టీవీ తీసుకుంటుందని మాత్రమే దాని అర్థం. 300 నిట్స్ (తెర వెలుగు కొలత) ప్యానెల్ మీద హెచ్‌డీఆర్ సినిమా మామూలుకన్నా మసగ్గా కనిపించవచ్చు. 600 నిట్స్‌కి తక్కువైతే ఆ స్టిక్కరుకి మేము విలువివ్వం. "మోషన్ రేట్ 120" అని ఉన్నా ప్యానెల్ 60 హెర్ట్జే కావచ్చు, నేటివ్ రిఫ్రెష్ రేట్ (ప్యానెల్ నిజంగా సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో) ఎంతో అడగండి.

డబ్బు కట్టేముందు పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లండి. అందులో మొత్తం బూడిదరంగు ఫోటో ఒకటి, నల్లటి ఫోటో మధ్యలో తెల్ల చుక్కతో ఒకటి, ఒక క్రికెట్ క్లిప్పు. టీవీని మూవీ మోడ్‌లో పెట్టించి ఆడించండి. బూడిద తెర మీద నిలువు చారలు, మురికి మచ్చలు ఉన్నాయా, బంతి వెంట కెమెరా పరిగెత్తినప్పుడు పచ్చిక మీద తేలేవి అవే. నల్ల తెరలో మూలలు తెల్లబడినా, చుక్క చుట్టూ పెద్ద వెలుగు వలయం వచ్చినా బ్యాక్‌లైట్ బాగోలేదన్నమాట. సేల్స్ కుర్రాడు విసుక్కుంటాడు, విసుక్కోనీండి.

అయినా మీకిచ్చేది ఆ పీసు కాదు. ఒకే మోడల్లోనూ పీసుకీ పీసుకీ ప్యానెల్ తేడా ఉంటుంది. ఇన్‌స్టాలేషన్ రోజు గోడకి డ్రిల్ పెట్టకముందే ఇదే పరీక్ష మళ్లీ చేయండి. పెట్టె, థర్మోకోల్ దాచండి. వాపసుకి ఎన్ని రోజుల గడువుందో ముందే కనుక్కోండి. బిల్లు మీద మోడల్ నంబరు చివరి అక్షరం దాకా, సీరియల్ నంబరుతో సహా ఉండాలి.

"ప్యానెల్ నార్మలే" అని సర్వీసువాళ్లు చేతులెత్తేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం టీవీ విశాఖలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా మీరుండే జిల్లాలోనే, 2 ఏళ్ల లోపు కేసు వేసుకోవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు. సాక్ష్యంగా వీడియో తీసేటప్పుడు ఫోన్ ఎక్స్‌పోజర్ తగ్గించండి, లేకపోతే మచ్చ ఉన్నదానికి రెట్టింపు కనిపించి అవతలివాళ్లకి సాకు దొరుకుతుంది.