వైర్ స్ట్రిప్పర్లు: ఆరేళ్లు వాడాక ఏది కొనమంటానంటే

నాకు ఈ విషయంలో ఇంత పట్టింపు రావడానికి కారణం ఒక ఫ్యాన్ రెగ్యులేటర్. బిగించిన నాలుగు నెలలకే ఫ్యాన్ ఆగిపోయింది. బోర్డు విప్పి చూస్తే స్క్రూ పక్కనే తీగ తెగి ఉంది. తెగిన కొసను భూతద్దం కింద పెట్టి చూశాను. సగం నల్లబడి ఉంది, సగం కొత్త రాగిలా మెరుస్తోంది. అంటే ఒక్కసారిగా తెగింది కాదు. కత్తితో ఒలిచినప్పుడు పడ్డ గాటు దగ్గర పగులు మొదలైంది. బోర్డు మూసేటప్పుడు తీగను వంచడంతో అది కొంచెం పెరిగింది, ఆ తర్వాత ఫ్యాన్ అదురుకి రోజూ మరికాస్త పెరిగింది. ఆ తీగ ఒలిచింది నేనే.

తర్వాతి వారమే మొదటి స్ట్రిప్పర్, అంటే రాగికి తగలకుండా వైరు మీది ప్లాస్టిక్ తొడుగుని (ఇన్సులేషన్) ఒలిచే పనిముట్టు, కొన్నాను. ఈ ఆరేళ్లలో నాలుగు రకాలు వాడాను. కొన్ని అరిగిపోయాయి, ఒకటి విరిగింది, రెండు ఇప్పటికీ రోజూ చేతిలో ఉంటాయి. ఇంటి వైరింగ్, కంట్రోల్ ప్యానెళ్లు, చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు, మూడు రకాల పనీ చేస్తాను కాబట్టి సన్నటి తీగ నుంచి లావుపాటి తీగ దాకా అన్నీ వీటి నోట్లో పడ్డవే.

పోల్చడానికి నేను పెట్టుకున్న కొలత ఒకటే: ఒలిచాక రాగి ఎలా ఉంది? ఎంత వేగంగా ఒలిచిందన్నది ఆ తర్వాతి సంగతి. కొత్త స్ట్రిప్పర్ చేతికి రాగానే పది ముక్కలు ఒలుస్తాను. సింగిల్ కోర్ తీగ (లోపల ఒకే గట్టి రాగి తీగ ఉన్నది) అయితే ఇన్సులేషన్ ఆగిన చోట గోరు ఆనించి చుట్టూ తిప్పుతాను. గోటికి ఎక్కడైనా గీత తగిలితే గాటు పడ్డట్టే. అదే చోట తీగను అటూ ఇటూ వంచి చూస్తాను. గాటు లేని తీగ చాలాసార్లు వంపు తట్టుకుంటుంది, గాటు పడ్డది చాలా ముందే తెగిపోతుంది. పోగుల వైరైతే పోగులు లెక్కపెడతాను. 0.75 స్క్వేర్ ఎంఎం (రాగి అడ్డకోత వైశాల్యం, చదరపు మిల్లీమీటర్లలో) వైరులో మామూలుగా 0.2 మి.మీ. పోగులు 24 ఉంటాయి. అందులో నాలుగు తెగి ఇన్సులేషన్ ముక్కతో పాటు ఊడి వస్తే, ఆ చోట ఆరో వంతు రాగి పోయినట్టు. వైరు మిగతా పొడవంతా బాగానే ఉన్నా, కనెక్షన్ దగ్గర మాత్రం అది సన్నటి వైరే. బరువైన లోడ్ పడితే ముందు వేడెక్కేది అక్కడే.

మొదట కొన్నది అందరికీ తెలిసిన చిన్న రకం: రెండు దవడలు, మధ్యలో ఒక వి ఆకారపు గాడి, ఎంత మూసుకోవాలో సరిచూసుకోవడానికి ఒక స్క్రూ. ఒకే సైజు వైరు వంద చోట్ల ఒలవాలంటే ఇది బాగానే పనిచేస్తుంది. ఒకసారి స్క్రూ సరిగ్గా పెడితే చాలు. కానీ ఇంటి పనిలో ఒకటిన్నర, రెండున్నర, నాలుగు స్క్వేర్ ఎంఎం వైర్లు వెంటవెంటనే వస్తాయి. ప్రతిసారీ స్క్రూ విప్పి బిగించే ఓపిక ఎవరికీ ఉండదు, చివరికి చేతి అంచనా మీద నొక్కేస్తాం. గాట్లు పడేది అప్పుడే. ఏడాది తర్వాత పక్కన పెట్టేశాను.

రెండోది వరుసగా రంధ్రాలున్న రకం. ఒక్కో రంధ్రం ఒక్కో సైజుకి. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను ఎక్కువ కాలం వాడింది, ఎక్కువ నేర్చుకున్నది దీనితోనే.

ఈ రకంలో చాలావాటి మీద ఏడబ్ల్యూజీ (తీగ మందానికి అమెరికన్ కొలత) నంబర్లే పెద్దగా ఉంటాయి. ఆ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. చిక్కేమిటంటే, స్క్వేర్ ఎంఎం లెక్కలో తయారైన వైర్లు ఆ నంబర్లకి సరిగ్గా సరిపోవు. 2.5 స్క్వేర్ ఎంఎం సింగిల్ కోర్ తీగ వ్యాసం సుమారు 1.78 మి.మీ. 14 నంబరు తీగ వ్యాసం 1.63, 12 నంబరుది 2.05. మన తీగ సరిగ్గా ఆ రెండిటి మధ్య పడింది. 14 రంధ్రంలో పెడితే అంచులు రాగిని కొరుకుతాయి. 12లో పెడితే ఇన్సులేషన్ చుట్టూ పూర్తిగా తెగదు కానీ, కాస్త తిప్పి లాగితే మిగిలింది చిరిగి వచ్చేస్తుంది, రాగికి ఏమీ కాదు. 1.5 తీగ కూడా అంతే. దాని వ్యాసం సుమారు 1.38, 16 నంబరుది 1.29. కాబట్టి దాన్ని 14లోనే పెట్టాలి. ఎప్పుడైనా అనుమానం వస్తే పెద్ద రంధ్రం వైపే వెళ్లండి. ఇది తెలియక మొదటి మూడు నెలలు నేను తీగలు పాడుచేస్తూనే ఉన్నాను, తప్పు స్ట్రిప్పర్‌దే అనుకున్నాను.

ఇంకో సంగతి. మంచి స్ట్రిప్పర్ మీద ఒకే రంధ్రం పక్కన రెండు నంబర్లు ఉంటాయి, ఒకటి గట్టి తీగకి, రెండోది పోగుల తీగకి. రాగి అంతే అయినా పోగుల మధ్య సందులుంటాయి కాబట్టి పోగుల తీగ కాస్త లావుగా ఉంటుంది. ఇందాకటి 2.5 స్క్వేర్ ఎంఎం రాగినే ఏడు పోగులుగా పేనితే వ్యాసం సుమారు 2 మి.మీ.కి పెరుగుతుంది. క్లైన్ 11055 మీద గట్టి తీగకి 10 నుంచి 18, పోగుల తీగకి 12 నుంచి 20 అని విడిగా రాసి ఉండేది అందుకే. ఒకే వరుస నంబర్లున్న స్ట్రిప్పర్ కొంటే ఆ నంబర్లు ఏ తీగవో ముందు తేల్చుకోవాలి.

ఈ రకం కొనేటప్పుడు నేను తప్పకుండా చేసే పరీక్ష ఒకటుంది. స్ట్రిప్పర్ మూసి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, ఒక్కో రంధ్రంలోంచి చూస్తాను. రెండు సగాలూ కలిసి గుండ్రంగా కనిపించాలి. ఒకసారి తొందరలో ఇది చూడకుండా ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే పై సగం ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉంది. ఆ వెంట్రుకవాసి చాలు. ఒలిచిన ప్రతి తీగ మీదా ఒకవైపే గీత పడేది. దవడలు కలిసే చోట ఇరుసు వదులుగా ఉన్నా ఇదే గతి. పిడుల్ని అటూ ఇటూ ఊపి చూస్తే తెలిసిపోతుంది.

చేతివాటం కూడా నేర్చుకోవాల్సిందే. చాలామంది వైరు పట్టుకుని స్ట్రిప్పర్‌ని బలంగా వెనక్కి లాగుతారు. దానికన్నా, మూశాక పావు చుట్టు తిప్పి, వైరు పట్టుకున్న చేతి బొటనవేలిని స్ట్రిప్పర్ పక్కకి ఆనించి నెట్టండి. ఇన్సులేషన్ నెమ్మదిగా జారి వస్తుంది. రోజుకి వంద తీగలు ఒలిచినా మణికట్టు నొప్పెట్టదు. దీనికి స్ప్రింగ్ తప్పనిసరి, ప్రతిసారీ వేళ్లతో తెరుచుకోవాలంటే సాయంత్రానికి చెయ్యి పట్టేస్తుంది.

మూడోది ఆటోమేటిక్ రకం. పిడి నొక్కితే ఒకవైపు దవడ వైరుని పట్టుకుంటుంది, రెండోవైపు బ్లేడు ఇన్సులేషన్‌ని కోస్తుంది, ఇంకాస్త నొక్కితే రెండూ విడిపోతూ తొడుగుని లాగేస్తాయి. సైజు చూసుకునే పని లేదు. ఒక ప్యానెల్‌లో మూడు వందలకు పైగా కొసలు ఒలిచి ఫెర్రూల్స్ (పోగుల కొసకి తొడిగి నొక్కే చిన్న లోహపు గొట్టాలు) వేయాల్సి వచ్చినప్పుడు దీని విలువ తెలిసింది. లోపలున్న స్టాపర్‌ని 10 మి.మీ. దగ్గర పెట్టుకుంటే అన్ని కొసలూ ఒకే పొడవులో వచ్చాయి. రంధ్రాల రకంతో అయితే రోజంతా పట్టే పని మధ్యాహ్నానికి అయిపోయింది.

కానీ దీని పరిమితులు తెలియకుండా కొంటే నిరాశే. మామూలు పీవీసీ ప్లాస్టిక్ తొడుగు మీద ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. సిలికాన్ వైరు మెత్తగా సాగుతుంది కాబట్టి దవడ పట్టు జారుతుంది, కోసిన అంచు చింపిరిగా వస్తుంది. టెఫ్లాన్ వైరు నున్నగా, గట్టిగా ఉంటుంది కాబట్టి దాని మీదా పట్టు దొరకదు. నిటారు బ్లేడు పైనా కిందా మాత్రమే కోస్తుంది, పక్కలు చిరగాల్సిందే. పీవీసీ అలా చిరుగుతుంది, ఇవి చిరగవు. ఏళ్ల తరబడి ఎండి పెళుసుబారిన పాత వైర్ల మీద దవడ పట్టిన చోటే ఇన్సులేషన్ పగిలిన సందర్భాలున్నాయి. ఒలిచింది పది మిల్లీమీటర్లు, పాడైంది ఇంకో ఇరవై. గోడలోని బాక్సులో వైరు పొట్టిగా ఉంటే దీని లావు మూతి లోపలికి దూరదు. అక్కడ సన్నటి ముక్కున్న రంధ్రాల రకమే దిక్కు.

సన్నటి తీగల దగ్గర ఇంకో జాగ్రత్త అవసరం. ఇర్విన్ వైస్‌గ్రిప్ ఆటోమేటిక్ రకం 10 నుంచి 24 నంబరు వరకు ఒలుస్తుంది, దాని మీద పట్టు బలం మార్చుకునే చిన్న చక్రం ఉంటుంది. అలాంటి చక్రాన్ని పట్టించుకోకుండా 22, 24 నంబరు వైర్లు పెట్టి, తొడుగుతో పాటు పోగులు కూడా తెంపేసుకుని, పనిముట్టుని తిట్టుకునేవాళ్లను చూశాను. పట్టు తగ్గించి రెండు ముక్కల మీద చూసుకున్నాక అసలు పని మొదలుపెడితే ఆ బాధ ఉండదు. క్నిపెక్స్ 12 40 200 అయితే 0.03 నుంచి 10 స్క్వేర్ ఎంఎం దాకా తీసుకుంటుంది. ఖరీదు ఎక్కువే, కానీ రోజూ ప్యానెల్ పనే చేసేవాళ్లకి నేను ఆలోచించకుండా చెప్పేది ఆ స్థాయి పనిముట్టే.

నా మొదటి ఆటోమేటిక్ చవక రకం. పేరు అనవసరం. ఎనిమిది నెలలకి లోపలి స్ప్రింగ్ కొక్కెం విరిగింది, దవడలు వెనక్కి రావడం మానేశాయి. విడిభాగం దొరకలేదు. అప్పటి నుంచి బ్లేడ్లు, స్ప్రింగులు విడిగా దొరుకుతాయో లేదో చూశాకే కొంటున్నాను.

నాలుగోది ఎలక్ట్రానిక్ పనికి వాడే చిన్న స్ట్రిప్పర్, 20 నుంచి 30 నంబరు దాకా. 30 నంబరు తీగ పావు మిల్లీమీటరు మందం మాత్రమే, దాన్ని పెద్ద స్ట్రిప్పర్‌తో ఒలవాలనుకోవడం వృథా. సోల్డరింగ్ చేసేవాళ్లకి ఇది వేరుగా ఉండాల్సిందే. దీనితో ఇనుప తీగ, స్టీలు తీగ కోయకండి. నా దాని అంచున అలా ఒక చిన్న సొట్ట పడింది. ఆ చోటు వరకు ఇప్పుడు అది ఎందుకూ పనికిరాదు.

పిడి మీదున్న రంగు ప్లాస్టిక్ చూసి షాక్ కొట్టదని అనుకోవద్దు. మామూలు పూత చేతికి పట్టు కోసమే. కరెంటు ఉన్న చోట పనికి ఐఈసీ 60900 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించి 1000 వోల్టుల గుర్తు వేసిన పనిముట్లు వేరే ఉంటాయి. నేను మాత్రం ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసుకుని, అప్పుడే తీగ ముట్టుకుంటాను.

ఇంటి పనికి ఒక్కటే కొనాలంటే రంధ్రాల రకమే కొనండి. రెండు రకాల తీగలకీ విడిగా నంబర్లు, స్ప్రింగ్, సన్నటి ముక్కు, కదలని ఇరుసు ఉండాలి. స్క్వేర్ ఎంఎంలోనే రంధ్రాలున్నది దొరికితే ఇంకా మంచిది, ఇందాకటి లెక్కలేవీ అక్కర్లేదు. వారానికి వందల కొసలు ఒలిచేవాళ్లయితే దానికి తోడుగా మంచి ఆటోమేటిక్ తీసుకోండి, బదులుగా కాదు. కొనడానికి వెళ్లేటప్పుడు మీరు రోజూ వాడే వైర్లలోంచి గట్టిది ఒక ముక్క, పోగులది ఒక ముక్క జేబులో వేసుకెళ్లండి. అక్కడే ఒలిచి, గోరు ఆనించి తిప్పి చూడండి, పోగులు లెక్కపెట్టండి.