వెలిగారం: చాలా ఏళ్లుగా వాడుతున్నవాడి మాట

వెండి, ఇత్తడి కరిగించి పోత పోయడం, అతుకులు వేయడం నా పని. ఈ పనిలో వెలిగారం, అంటే వేడి లోహం మీది ఆక్సైడ్‌ను తీసే బోరాక్స్, చేతికి తగలని రోజు ఉండదు. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు ఏ కంపెనీది మంచిది అని అడుగుతారు. కంపెనీ సంగతి తర్వాత. ముందు ఆ డబ్బాలో నీరు ఎంత ఉందో చూడండి అంటాను నేను. దీని గుణాలూ, దీనితో వచ్చే చికాకులూ చాలావరకు ఆ నీటి చుట్టూనే తిరుగుతాయి.

మామూలుగా దొరికే పలుకుల వెలిగారం డెకాహైడ్రేట్ రకం. దాని బరువులో 47 శాతం నీరే. మంట తగలగానే ముందు తనలోని నీటిలోనే తాను కరుగుతుంది, తర్వాత తెల్లటి నురగలా పొంగుతుంది, నీరంతా పోయాక దాదాపు 743 డిగ్రీల సెల్సియస్ దగ్గర తేటగా గాజులా పారుతుంది. పెద్ద ఇత్తడి గొట్టం అతికేటప్పుడు ఈ పొంగు ఎవరికీ పట్టదు. గొలుసు కొక్కెం లాంటి చిన్న పనిలో మాత్రం పేర్చిపెట్టిన టంకం (అతుకు వేసే లోహం) ముక్కలను ఎత్తి పక్కన పడేస్తుంది. ఒళ్లు మండిపోతుంది! అందుకే పలుకులను నేరుగా చల్లను. నున్నటి రాతి మీద నాలుగు చుక్కల నీళ్లతో అరగదీసి, పాలలా పలుచగా చేసి పూస్తాను. మంటను దూరంగా ఆడిస్తూ ఆరబెట్టి, పొంగు అణిగాక దగ్గరికి తెస్తాను. ఇలా చేస్తే చౌక రకం కూడా చక్కగా పనిచేస్తుంది.

మూసలో, అంటే లోహం కరిగించే పాత్రలో, వేసేటప్పుడు మాత్రం నీరు తీసేసిన అన్‌హైడ్రస్ రకమే వాడతాను. పొంగదు, పొడి ఎగిరిపోదు, తక్కువ పడుతుంది. ధర ఎక్కువ అని చాలామంది వెనకాడతారు గానీ లెక్క వేసి చూడండి. 100 కిలోల డెకాహైడ్రేట్‌లో ఉన్న అసలు సరుకు, అన్‌హైడ్రస్ అయితే సుమారు 53 కిలోల్లోనే వస్తుంది. ఈ రెంటికీ నడుమ పెంటాహైడ్రేట్ అని ఇంకోటుంది, అది 76 కిలోలు కావాలి. నీటికి కూడా డబ్బు కట్టి, ఆ నీటిని ఆవిరి చేయడానికి మళ్లీ గ్యాస్ కాల్చడం నాకు నచ్చదు.

ఈ తేడాలు గనిలో ఉండవు, ఫ్యాక్టరీలో వస్తాయి. ప్రపంచంలో బోరాన్ నిల్వల్లో పెద్ద వాటా టర్కీది. అక్కడ కిర్కా గనిలోనూ, అమెరికాలో కాలిఫోర్నియాలోని బోరాన్ అనే ఊరి గనిలోనూ టింకాల్ అనే ఖనిజం తవ్వుతారు. అది మట్టితో కలిసి ఉంటుంది. దాన్ని నలగ్గొట్టి వేడి నీటిలో కరిగిస్తారు. మట్టి అడుగుకు దిగాక, తేట ద్రావణాన్ని వడకట్టి చల్లారుస్తారు. దాదాపు 60 డిగ్రీలకు పైన స్ఫటికాలు కడితే పెంటాహైడ్రేట్, అంతకంటే చల్లబడ్డాక కడితే డెకాహైడ్రేట్. ద్రావణం ఒకటే, చల్లార్చే తీరు వేరు. అన్‌హైడ్రస్ కావాలంటే వీటిని కొలిమిలో కరిగించి, గడ్డకట్టాక పొడి కొట్టాలి. ధర పెరిగేది ఆ ఇంధనం ఖర్చుతోనే. 1880లలో కాలిఫోర్నియా డెత్ వ్యాలీ నుంచి ఈ సరుకును పెద్ద బళ్లకు కంచరగాడిదలను కట్టి ఎడారి దాటించి రైలుకు చేర్చేవారట. ఇప్పుడు గ్యాస్ బిల్లు చూసి నిట్టూర్చే నాకు అది తలుచుకుంటే కాస్త సిగ్గేస్తుంది.

ఇక అసలు గుణం. కరిగిన వెలిగారం లోహం మీది ఆక్సైడ్‌ను తనలో కరిగించుకుంటుంది, కొత్తగా గాలి తగలకుండా పైన కప్పేస్తుంది. అప్పుడే టంకం పారుతుంది. రాగి ఉన్న మిశ్రమాలు కరిగించిన మూస అంచున నీలి ఆకుపచ్చ గాజు పేరుకుంటుంది చూడండి, అది ఇలా కరిగిపోయిన రాగి ఆక్సైడే. కొత్త మూసను వాడే ముందు లోపల వెలిగారం పూత కరిగిస్తే లోహం గోడలకు అంటుకోదు. ఈ ఒక్క పనికే పూర్తి మార్కులు వేస్తాను.

మార్కులు కోసే చోట్లూ ఉన్నాయి. స్టెయిన్‌లెస్ స్టీలు మీది క్రోమియం ఆక్సైడ్‌ను ఇది సరిగా తీయలేదు. అల్యూమినియం జోలికి అసలు పోవద్దు, ఇది కరిగేలోపే అదే కరిగిపోతుంది. తక్కువ వేడికి పారే వెండి టంకాలకూ ఇది ఒక్కటే చాలదు. అక్కడ ఫ్లోరైడ్ కలిసిన ఫ్లక్స్ (వెలిగారంలా ఆక్సైడ్‌ను తీసే పూత) కావాలి, దాని పొగ ఇంకా చెడ్డది, గాలి బాగా ఆడాలి. పైగా పని అయ్యాక మిగిలే గాజు పెంకు. ఆకురాయితో గీకితే ఆకురాయే పాడవుతుంది. వేడి నీళ్లలో నానబెట్టడమో, పలుచని యాసిడ్‌లో వేయడమో తప్పదు.

లోకంలో దీని అసలు గిరాకీ మాత్రం మాలాంటివాళ్ల దగ్గర లేదు. వేడికి పగలని ల్యాబ్ గాజు, ఫైబర్ గ్లాస్, సిరామిక్ టైళ్ల మెరుపు పూత, వీటిలోకే ఎక్కువగా పోతుంది. సరుకు ప్యాక్ చేసే అట్టపెట్టెల జిగురులోనూ ఉంటుంది, పిండి జిగురు బాగా పట్టడానికి కలుపుతారు.

కొనేటప్పుడు ఒక పరీక్ష. కొందరు చాకలి సోడా కలిపి అమ్ముతారు. చిటికెడు పొడి మీద వెనిగర్ చుక్క వేయండి, బుసబుసమంటే కల్తీ. మంచిదైతే తీగ చివర కరిగించినప్పుడు రంగులేని తేట పూసలా నిలుస్తుంది. తెచ్చాక మూత బిగించి పెట్టండి. పొడి గాలిలో డెకాహైడ్రేట్ పలుకులు నీరు కోల్పోయి సున్నంలా తెల్లబడతాయి, అప్పుడు తూకం ప్రకారం కలిపే పనుల్లో లెక్క తప్పుతుంది. అన్‌హైడ్రస్‌ది దీనికి వ్యతిరేకం, తేమ పీల్చి గడ్డ కడుతుంది.

సహజ ఖనిజం కదా, ఏం కాదులే అనేవాళ్లతో నాకు పడదు. సంతాన సామర్థ్యానికి హాని చేయగలదని యూరోపియన్ యూనియన్ 2010లో దీన్ని తీవ్ర ఆందోళన కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. పొడి కొట్టేటప్పుడు మాస్కు పెట్టుకుంటాను, పిల్లలకు అందనివ్వను, దీనికి వాడిన గిన్నె మళ్లీ వంటింట్లోకి రాదు. గాజు పెంకు వదలడానికి నానబెట్టిన నీళ్లు మొక్కలకు పోయకండి. వాటికి బోరాన్ కావాలి గానీ చాలా కొద్దిగా, ఎక్కువైతే ఆకుల అంచులు మాడిపోతాయి.