ఒకటో క్లాసుకి సిద్ధమేనా? బెంగళూరు మారతహళ్లిలో ఒక టెస్టింగ్ సెంటర్ రివ్యూ

యూకేజీ పిల్లలు ఒకటో క్లాసుకి తయారయ్యారో లేదో చూసిపెట్టే సెంటర్ ఇది. ఫీజు 1,500, యాభై నిమిషాలు కూర్చోబెడతారు, చివర్లో నాలుగు పేజీల రిపోర్టు ఇస్తారు. లెక్కల భాగం చాలా బాగుంది. భాష భాగం మాత్రం తెలుగు ఇళ్ళ పిల్లలకి అన్యాయం చేస్తోంది.

ముందు లెక్కలు. టీచర్ 12 చింతగింజలు పోసి “నాకు 5 ఇవ్వు” అంటారు. వంద దాకా గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు, 5 దగ్గర ఆగకుండా గుప్పెట్లోకి వచ్చినన్ని ఇచ్చేస్తారు. తర్వాత 7 గింజలు లెక్కపెట్టించి “మొత్తం ఎన్ని?” అని అడుగుతారు. వెంటనే “ఏడు” అంటే సంఖ్య అర్థమైనట్టే. మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడితే, ఆఖరున పలికిన అంకే మొత్తమని ఇంకా తెలియలేదన్నమాట. ఇది వర్క్‌షీట్లతో వచ్చేది కాదు. రోజూ భోజనానికి మనిషికో కంచం పెట్టిస్తే వస్తుంది.

చేతిపనిలో గీత, సున్నా, ప్లస్, చతురస్రం, త్రిభుజం చూసి వేయమంటారు, కత్తెరతో గీత వెంబడి కత్తిరించమంటారు. ఇంతవరకు సరే. ఆరో బొమ్మగా డైమండ్ పెట్టారు, అదే తప్పు. ఏటవాలు గీతలు నాలుగూ కలవడం చాలామందికి ఏడేళ్ళ దగ్గర పడితే గాని కుదరదు. ‘బీ’, ‘డీ’ అక్షరాలు తిరగేసి రాయడాన్నీ లోపంగా రాస్తున్నారు. ఈ వయసులో అది మామూలే. పెన్సిల్ని గుప్పిటతో పట్టుకుంటే మాత్రం పట్టించుకోవాలి. చపాతీ పిండి పిసకడం, బట్టల క్లిప్పులు పెట్టడం లాంటి పనులతో వేళ్ళకి బలం వస్తుంది.

ఇక భాష. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే. మాటని ముక్కలు చేసి చప్పట్లు కొట్టమన్న సూచనే అర్థంకాక పాప ఊరుకుంటే ‘వినికిడి విశ్లేషణ తక్కువ’ అని సున్నా వేస్తారు. అసలు చూడాల్సింది మాటలోని ధ్వనులు చెవికి విడివిడిగా అందుతున్నాయా అని. ‘మామిడి’కి మూడు చప్పట్లు కొట్టగలదా, ‘అరటిపండు’లో ‘పండు’ తీసేస్తే ఏం మిగులుతుంది, ‘పలక, పడవ, గిన్నె’లో వేరుగా మొదలయ్యేది ఏది అని తెలుగులో అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఈ నేర్పు ఒక భాషలో వస్తే ఇంగ్లీషు చదవడానికీ పనికొస్తుంది. బొమ్మ చూపించి పేరడిగినప్పుడూ అంతే. ఇంట్లో తెలుగు, పార్కులో కన్నడ, బడిలో ఇంగ్లీషు వినే బెంగళూరు పిల్లలు ‘పిల్లి’ అన్నా ‘బెక్కు’ అన్నా ‘క్యాట్’ అన్నా మార్కు వేయాలి. తెలుగు వచ్చిన టీచర్ అక్కడ ఉన్నారు గాని, బుక్ చేసేటప్పుడే అడగాలి.

చెవి, కన్ను గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు నిలిచి మాట మందంగా వినిపిస్తుంది. అలాంటి బిడ్డకి ‘ఏకాగ్రత లేదు’ అన్న ముద్ర సులువుగా పడుతుంది. సెంటర్‌కి వెళ్ళే ముందే ఆ రెండు పరీక్షలూ డాక్టర్ దగ్గర చేయించండి.

రిపోర్టులో శాతాలు ఉన్నాయి, వయసు నెలల్లో లేదు. ఒకే యూకేజీలో జూన్‌లో పుట్టిన పిల్లకీ మరుసటి మే నెలలో పుట్టిన పిల్లకీ పదకొండు నెలల తేడా ఉంటుంది. కర్ణాటకలో ఒకటో తరగతికి జూన్ 1 నాటికి 6 ఏళ్ళు నిండాలన్నది నియమం. 2025-26కి దాన్ని 5 ఏళ్ళ 5 నెలలకి సడలించారు. ఇంత తేడా ఉన్న పిల్లలని ఒకే శాతంతో కొలవడం తప్పు. వయసు నెలల్లో రాసివ్వమని పట్టుబట్టండి.

సాయంత్రం నాలుగున్నర స్లాట్ వద్దు. బడి నుంచి వచ్చిన అలసటంతా మార్కుల్లో కనబడుతుంది. శనివారం పొద్దున 10 గంటలకి, తిని వెళ్ళడం మేలు.

‘ఒకటో క్లాసుకి సిద్ధం’ అన్న సర్టిఫికెట్ కోసం అదనంగా 300 అడుగుతారు, బడిలో సీటు కోసమని అది కట్టకండి. విద్యాహక్కు చట్టం, 2009లోని 13వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం వర్తించే బడులు చేర్చుకోవడానికి పిల్లలకి గాని తల్లిదండ్రులకి గాని పరీక్ష పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 దాకా, ఆపై ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. మైనారిటీ సంస్థలకి ఈ చట్టం వర్తించదు.