సిగరెట్ పెట్టె మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను

మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పల్లెటూరు. రెండు బ్యారన్ల (పచ్చి పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గదుల) పొగాకు రైతుని. ఇరవై నాలుగేళ్లు సిగరెట్లు కాల్చాను, రోజుకు పన్నెండుకు తగ్గకుండా. మానేసి పదకొండు నెలలైంది. నా చేత మాన్పించింది సిగరెట్ పెట్టె మీదే అచ్చు వేసి ఉండే క్విట్‌లైన్ (పొగాకు మానడానికి ఫోన్‌లో సాయం చేసే సర్వీసు) నంబరు, 1800-11-2356. మా వైపు దీన్ని వాడినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

పెట్టె మీద బొమ్మలు 2009లో మొదలయ్యాయి. అప్పుడు ముందు వైపే, అదీ 40 శాతం మేర. 2016 ఏప్రిల్ నుంచి రెండు వైపులా 85 శాతం మేర బొమ్మ, హెచ్చరిక మాటలే ఉండాలన్నారు. ఆ పుండ్లు పడ్డ గొంతు బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు అన్నం సయించలేదు. వారం తిరిగేసరికి అలవాటైపోయింది. 2018 సెప్టెంబరు నుంచి బొమ్మతో పాటు నల్ల పట్టీ మీద తెల్ల అక్షరాలతో ‘ఈరోజే మానండి, ఫోన్ చేయండి’ అని ఇంగ్లీషులో రాసి ఈ నంబరు వేస్తున్నారు. అది నా కంట పడటానికి ఏళ్లు పట్టింది.

ఎందుకంటే నేనెప్పుడూ పెట్టె కొనలేదు. మా ఊళ్లో కాల్చేవాళ్లు ఎక్కువమంది అంతే. బంకు దగ్గరికి పోయి ఒకటి అడుగుతాం, అక్కడ తాడుకు కట్టిన లైటర్‌తో వెలిగించుకుంటాం. పెట్టె బంకాయన చేతిలోనే ఉంటుంది. బొమ్మ ఆయన చూస్తాడు, నంబరు ఆయన చూస్తాడు, పొగ మనం పీలుస్తాం.

పోయిన సీజన్‌లో బ్యారన్ కాలుస్తుంటే పెట్టె కొనాల్సి వచ్చింది. బ్యారన్‌లోకి ఆకు ఎక్కించాక ఐదారు రోజులు రాత్రీ పగలూ మంట చూసుకోవాలి. వేడి ఎక్కువైనా తక్కువైనా ఆకు రంగు పోతుంది, రేటు పోతుంది. అర్ధరాత్రి బంకు ఎక్కడుంటుంది? అందుకని పెట్టె దగ్గర పెట్టుకున్నాను. పొయ్యి ముందు కూర్చుని దగ్గుతుంటే టీ తెచ్చిన మా ఆవిడ ఏమీ అనలేదు, నా వీపు మీద చెయ్యి వేసి అట్టే నిలబడింది. ఆమె పోయాక ఆ వెలుగులో పెట్టె అటూ ఇటూ తిప్పి చూశాను. నంబరు అప్పుడు కనిపించింది.

పొద్దున ఎనిమిదికి చేశాను. డబ్బులు పడవు. తెలుగు అడిగితే తెలుగులో మాట్లాడే అమ్మాయికి కలిపారు. తిడుతుందనుకున్నాను. ఆమె మాత్రం లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు, ఏ వేళప్పుడు మనసు ఎక్కువ లాగుతుంది, ఇంట్లో ఇంకెవరైనా కాలుస్తారా అని ఒక్కొక్కటే అడిగింది. ఏం పని చేస్తారంటే పొగాకు పండిస్తానని చెప్పడానికి గొంతు పట్టేసింది. “అయితే బ్యారన్ రాత్రులకు ముందే ఏర్పాటు చేసుకుందాం సార్” అంది.

సీజన్ అయ్యాక మానతానన్నాను. అంత దూరం వద్దు, రెండు వారాల లోపు ఒక తేదీ పెట్టుకోమంది. శివరాత్రి అని చెప్పాను. ఎటూ ఉపవాసం, జాగారం. లాగినప్పుడు అది కొద్ది నిమిషాలే ఉంటుందట, ఆ కాసేపు గడిపేస్తే చాలట. నీళ్లు మెల్లగా తాగండి, గట్టిగా ఊపిరి తీసి వదలండి, చేతికి ఏదో ఒక పని పెట్టండి అంది. నేను జేబులో వేయించిన శనగలు పెట్టుకున్నాను. మొదటి నాలుగు రోజులు నరకం. చిరాకు, తలనొప్పి, నిద్ర లేదు. ఇవి వస్తాయని ముందే చెప్పబట్టి తట్టుకున్నాను.

ఈ సర్వీసులో నాకు బాగా నచ్చింది, తర్వాత వాళ్లే ఫోన్ చేయడం. వేలం రోజున నా బేళ్లు నాలుగు ఎవరూ పాడకుండా వెనక్కి వచ్చాయి. ఆ టెన్షన్‌లో రెండు కాల్చేశాను. ఫోన్ వచ్చినప్పుడు అబద్ధం చెబుదామనుకుని చెప్పలేకపోయాను. “రెండు కాల్చినంత మాత్రాన మళ్లీ మొదటికి రాలేదు సార్, ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి” అంది. ఆ మాట అనకపోయుంటే మర్నాడు పెట్టె కొనేవాణ్ణి.

నా ఫిర్యాదు పెట్టె మీద. నేను చూసిన పెట్టెల మీద ఆ పట్టీ ఇంగ్లీషులోనే ఉంది. మా దగ్గర ఆకు కట్టే కూలీలకు అంకెలు తెలుస్తాయి, ఆ అంకెలు దేనికో తెలియదు. ‘మానాలనుంటే ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు’ అని తెలుగులో వేస్తే ఎంత మేలు! టొరంటోలో ఉన్న మా మేనల్లుడు చెప్పాడు, కెనడాలో 2023లో తెచ్చిన నిబంధనలతో ఒక్కో సిగరెట్ మీదే ‘ప్రతి పీల్పులోనూ విషం’ లాంటి మాటలు అచ్చు వేస్తున్నారట. పెట్టె లోపల మానడం ఎలాగో చెప్పే చీటీలు పెట్టడం అక్కడ అంతకు ముందు నుంచే ఉందట. విడిగా కొనే మాలాంటి ఊళ్లకు సిగరెట్ మీదే రాత ఉండాలి, మా చేతికి వచ్చేది అదొక్కటే కాబట్టి.

పొగాకు మా ఇంటికి అన్నం పెట్టింది, మా అమ్మాయి చదువు దాంతోనే. ఆ పంట వేస్తూనే ఇది రాస్తున్నానని నాకు తెలుసు. అయినా బ్యారన్ దగ్గర ఇరవై ఏళ్ల పిల్లలు దగ్గుతుంటే చూడలేకపోతున్నాను.

పోయిన నెల ఒక అట్టముక్క మీద ఆ మాట, నంబరు తెలుగులో పెద్దగా రాసి బంకాయనకిచ్చాను. “నా బేరం పోతుంది కదా అన్నా” అని కాసేపు ఆలోచించి, లైటర్ తాడు పక్కనే మేకుకు తగిలించాడు. ఆయనకూ దగ్గుంది. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా, సోమవారం సెలవు అని కింద చిన్నగా రాశాను.